ఇంట్లో మనిషి కాదు, కార్మికురాలు



పోయిన వారం భాగం చదివి ఒక విద్యార్థి ఇన్‌బాక్స్‌లో ఇట్లా అడిగాడు: "మేడమ్, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళది కూలి సమస్య కదా, దాన్ని కులసమస్యగా ఎందుకు చూడాలి? జీతం పెంచితే సరిపోదా?" ఎగతాళికి అడిగిన ప్రశ్న కాదిది. మన సంఘాల్లో, హాస్టళ్ళలో చాలామందికి ఉన్న అనుమానమే. అందుకే ఈ వారం రాయాలనుకున్న విషయం పక్కన పెట్టి దీనికే జవాబు రాస్తున్నా. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మాటల దగ్గరే మొదలుపెడతా.

తిన్న గిన్నెల్ని, ఎంగిలి కంచాల్ని "అంట్లు" అంటాం. "అంటు" అనే మాటకు ముట్టుకోవడం, అంటుకోవడం, మైల అనే అర్థాలున్నాయి. అంటురోగంలో ఉన్నది ఆ మాటే, అంటరానితనంలో ఉన్నదీ ఆ మాటే. ఎంగిలి చేసినవాళ్ళకు మైల లేదు, దాన్ని కడిగినవాళ్ళకు మాత్రం ఉంది. మన చిత్తూరు పక్క బోకులు తోమేది, కసువు చిమ్మేది అన్నీ కలిపి "పాచిపని" అంటారు. పాచి అంటే రాత్రి నుంచి నిలవున్న మురికి. ఆ మురికి ముందు పని పేరుకు అంటుకుంది, తర్వాత ఆ పనిచేసే మనిషికి అంటుకుంది. వడ్రంగి పని, కంసాలి పని అన్నప్పుడు మనకు పనితనం గుర్తొస్తుంది. పాచిపని అన్నప్పుడు మురికి గుర్తొస్తుంది. ఒక గిన్నెను మరక లేకుండా తోమడంలో, గంటన్నరలో మూడు గదుల ఇల్లు అద్దంలాగా చేయడంలో ఉన్న పనితనానికి భాషలో పేరే లేదు. పేరు లేని పనితనానికి జీతం ఎవడు కడతాడు?

1936లో "కులనిర్మూలన"లో బాబాసాహెబ్ వాదించింది ఇదే. కులం పనుల్ని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్ళను ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేరుస్తుంది. ఆ మెట్లు చూడాలంటే పుస్తకం తెరవక్కర్లేదు. తిరుపతిలో ఏ అపార్ట్‌మెంటుకైనా పొద్దున ఏడింటికి పోండి. వంటకు ఒకరు, గిన్నెలకు, ఇల్లు తుడవడానికి ఒకరు, బాత్రూములకు ఇంకొకరు. వంటమనిషిని కులం అడిగి పెట్టుకుంటారు. బాత్రూములు కడిగే మనిషిని అడగరు, అడగాల్సిన పనిలేదని వాళ్ళ నమ్మకం. జీతం కూడా ఆ వరసలోనే పైనుంచి కిందికి దిగుతుంది. కాబట్టి తమ్ముడూ, కూలి వేరు, కులం వేరు అని విడదీయడానికి వీల్లేదు. ఈ పనిలో కూలి రేటు కట్టేదే కులం.

*

ఇప్పుడు మన ఊరి సంగతి.

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కరువుండదని మా దగ్గర నవ్వులాటకు అంటారు. దాంట్లో నవ్వులాట లేనిది పనిచేసేవాళ్ళకే. మా అమ్మ పదిహేనేళ్ళు ఇళ్ళల్లో పనిచేసింది. ఆదిఆంధ్రవాడలో పుట్టి, పల్లెలో కూలి దొరక్క, నాన్నతో పాటు తిరుపతికి వచ్చిన మనిషి. నలుగురున్న ఇంటికి నెలకు ఇంత అని మాట్లాడుకుని చేరుతుంది. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, ఎండాకాలం సెలవులకు ఆ నలుగురు పన్నెండు మంది అవుతారు. గిన్నెలు మూడింతలు, గుడ్డలు మూడింతలు, గుండ్లు కొట్టించుకుని వచ్చినవాళ్ళ స్నానాలకు బాత్రూములు మూడింతలు. జీతం మాత్రం ఆ నలుగురి లెక్కే. చుట్టాలు వెళ్ళేటప్పుడు లడ్డు తుంచి చేతిలో పెట్టేవాళ్ళు. "ప్రసాదం ఇస్తారు మ్మే, దుడ్లు ఇయ్యరు" అనేది అమ్మ. ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఊళ్ళో ఇళ్ళకు పోయే ఆడవాళ్ళు ఈ మాట నాకు ఇప్పటికీ చెప్తూనే ఉన్నారు.

టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద మన పెద్దవాళ్ళు కొట్లాడారు, దెబ్బలు తిన్నారు, కేసులు పెట్టారు. ఆ రెండో గ్లాసు ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? మంచి మంచి ఫ్లాట్లలో, వంటింటి కిటికీ గట్టు మీద, వాషింగ్ మెషిన్ పక్కన బోర్లించి ఉంది. గ్లాసు ఒక్కటే అయితే ఏదో అనుకోవచ్చు. బాత్రూము ఆమె కడగొచ్చు, వాడకూడదు. ఆరు ఇళ్ళు తిరిగే ఆడమనిషి పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా ఒంటికి పోకుండా బిగబట్టుకుంటుంది. అందుకని నీళ్ళు తాగడమే మానుకుంటుంది. తర్వాత మంటలు, జ్వరాలు, రుయా ఆస్పత్రి ఓపీలో క్యూ. డాక్టరు నీళ్ళు ఎక్కువ తాగమంటాడు. ఆ చీటీ పట్టుకుని మర్నాడు మళ్ళీ అదే ఇంటికి పోతుంది.

కులం దాచుకుని పనిచేసేవాళ్ళు చాలామంది నాకు తెలుసు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, పనిలో చెప్పే పేరు ఇంకొకటి. ఆదివారం చర్చికి పోవాలని చెప్పలేక పిల్లకు జ్వరమని చెప్తారు. దాచిన మనిషి అబద్ధాలకోరు అంటారు గానీ దాచుకోవాల్సిన అవసరం ఎవరు తెచ్చిపెట్టారో అడగరు.

మే నెలలో గంగమ్మ జాతర చేస్తాం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాణ్ణి వెతికి చంపిన తల్లి కథ అది. తోటి వేషం వీధిలోకి వస్తే ఊరంతా నిలబడి మొక్కుతుంది. ఆ వేషం పేరుతో ఉన్న పని చేసే బతుకుల్లోంచి వచ్చిన ఆడబిడ్డ మర్నాడు ఇంటికి వస్తే గిన్నెల తొట్టి దగ్గరికి పక్క దారి చూపిస్తుంది. వేషానికి మొక్కే ఊరు మనిషికి కుర్చీ వేయలేదా?

*

ఆయాలు, అటెండర్లు, ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళ సంగతి ఇంకా లోతు. రుయా, స్విమ్స్, బర్డ్, పక్కనే వేలూరు సీఎంసీ. ఆస్పత్రుల మధ్య బతికే ప్రాంతం మనది. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే, పక్షవాతం వచ్చిన పెద్దాయన్ను చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టుకుంటారు. పన్నెండు గంటల డ్యూటీ, లేదంటే ఇరవై నాలుగు గంటల డ్యూటీ. ఇంటివాళ్ళు కట్టే దాంట్లో ఏజెన్సీ ఎంత కోసుకుంటుందో ఆ మనిషికి చెప్పరు. ఏజెన్సీ అడిగితే "ఇంటివాళ్ళను అడుగు", ఇంటివాళ్ళను అడిగితే "ఏజెన్సీని అడుగు".

ఒకామె నాతో అన్న మాటలు ఇవి, పేరు రాయను: "మేడమ్, ఆ పెద్దాయనకి ఒళ్ళు తుడిచేది నేనే, గుడ్డలు మార్చేది నేనే, అన్నం నోట్లో పెట్టేది నేనే. నాకు మాత్రం అన్నం వసారాలో పెడతారు. నా చేతి కూడు ఆయన తినొచ్చంట, నేను వాళ్ళ కంచంలో తినకూడదంట."

అంటరానితనం అంటే ముట్టుకోకపోవడమని పాఠ్యపుస్తకం రాస్తుంది. ఈమె చెప్పింది విన్నాక ఆ నిర్వచనం సరిపోదు. అవసరమైనప్పుడు మన చేతులు వాళ్ళ ఒంటి మీద ఉండొచ్చు, పసిబిడ్డ నోట్లో ఉండొచ్చు. ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు దూరం జరగాలో తేల్చే అధికారం మాత్రం వాళ్ళ దగ్గర ఉంటుంది. ముట్టుకోవడం మీద ఉన్న ఆ పెత్తనమే అంటరానితనం.

*

"చట్టం లేదా మేడమ్?" అని అడుగుతారు. చట్టాలున్నాయి. చాలావరకు గడప దగ్గర ఆగిపోతాయి. ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ లోపలికి వస్తాయో కార్యకర్తలకు తెలిసి ఉండాలి, అందుకే వివరంగా రాస్తున్నా.

1959లోనే ఇంటిపనివాళ్ళ కోసం పార్లమెంటులో బిల్లులు పెట్టారు. నెగ్గలేదు. ఇప్పటిదాకా వీళ్ళ కోసం దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల గౌరవం కోసం 189వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ఆమోదించి సంతకం మాత్రం పెట్టలేదు. 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం వచ్చింది, 2021లో ఈ-శ్రమ్ కార్డు వచ్చింది. కార్డు గుర్తింపు ఇస్తుంది, ఆదివారం సెలవు ఇప్పించదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ళకు చట్టపరమైన రక్షణ ఎట్లా ఉండాలో పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. అదే ఏడాది నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ "పరిశ్రమ" నిర్వచనం నుంచి ఇంటి సేవను పేరు పెట్టి మరీ తీసేసింది. ఉద్యోగం తీసేస్తే వివాదం లేవదీయడానికి అక్కడ దారి మూసేశారు. పని ప్రదేశంలో భద్రత కోడ్ ప్రధానంగా పదిమంది పైన పనిచేసే చోట్లకు. మన ఆడబిడ్డ ఒక్కతే పనిచేస్తుంది.

మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. పక్కన కర్ణాటక 2004లోనే చేర్చింది. తమిళనాడు 2007లో ఇంటిపనివాళ్ళకు సంక్షేమ బోర్డు పెట్టింది, మహారాష్ట్ర 2008లో బోర్డు కోసం చట్టమే చేసింది. మన జాబితా కాగితం మీద ఉంది. ఇంట్లోకి వచ్చి చూసే లేబర్ ఇన్‌స్పెక్టరు లేడు, హాజరు పుస్తకం లేదు, జీతం చీటీ లేదు. ఈ జాబితా ఉందన్న సంగతి ఇళ్ళకు పనికి పోయేవాళ్ళలో ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి.

ఇక అట్రాసిటీ చట్టం. కులం పేరుతో తిడితే, అవమానిస్తే శిక్ష ఉంది. కానీ ఆ సెక్షన్లలో "పదిమంది చూసే చోట" అనే షరతు ఉంది. 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు జరిగిన అవమానం ఆ సెక్షన్ కిందకు రాదని చెప్పింది. ఇది చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇంటిపని చేసే ఆడవాళ్ళే. వాళ్ళ పని ప్రదేశం మొత్తం నాలుగు గోడల మధ్యే. సాక్షులు ఎవరంటే తిట్టినవాళ్ళ కుటుంబం. నడిబజారులో తిడితే నేరం, వంటింట్లో తిడితే కాదు. ఈ షరతు పని ప్రదేశానికి వర్తించకూడదని మన ఉద్యమం అడగాలి. ఇంతవరకు గట్టిగా అడగలేదు.

అయినా చట్టం పూర్తిగా చేతులెత్తేయలేదు. అదే చట్టంలో 2015 సవరణ తర్వాత ఈ సెక్షన్లు ఉన్నాయి, రాసిపెట్టుకోండి. 3(1)(హెచ్) వెట్టిచాకిరీకి సంబంధించింది. 3(1)(పి) తప్పుడు కేసులు పెట్టడానికి, 3(1)(క్యూ) అధికారులకు తప్పుడు సమాచారం ఇవ్వడానికి. వీటికి పదిమంది చూడాలన్న షరతు లేదు. ఇంటిపని చేసేవాళ్ళ మీద వాడే పెద్ద ఆయుధం దొంగతనం నింద. జీతం బాకీ అడిగిన వారమే ఉంగరం కనపడకుండా పోతుంది. స్టేషనుకు పిలుస్తారు, పొద్దుగూకేదాకా కూర్చోబెడతారు. ఉంగరం తర్వాత ఏ పరుపు కిందో దొరుకుతుంది, క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పరు. ఇట్లాంటప్పుడు ఈ సెక్షన్లు తెలిసిన ఒక్క మనిషి పక్కన ఉంటే మాట తీరు మారుతుంది. పొద్దు గూకిన తర్వాత, పొద్దు పొడవకముందు, మేజిస్ట్రేటు అనుమతి తీసుకున్న అసాధారణ పరిస్థితిలో తప్ప, ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందకే వస్తుందని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనీస వేతనాల జాబితాను, ఈ తీర్పును, 3(1)(హెచ్)ను పక్కపక్కన పెట్టి చదవండి. న్యాయవాద విద్యార్థులు చేయాల్సిన పని ఇక్కడ చాలా ఉంది.

గడప దాటి లోపలికి వచ్చిన చట్టం ఒకటుంది. 2013 పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగా ఒప్పుకుంది. ఇంటిపని చేసే మహిళ జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మొదటి చూపులో కేసు ఉందనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లోపు పోలీసులకు పంపాలి. మన జిల్లాలో ఆ కమిటీలో ఎవరున్నారో, వాళ్ళ ఫోన్ నంబరేంటో ఎక్కడ రాసి పెట్టారు? జీవకోనలోనో కొర్లగుంటలోనో ఉండే ఆడమనిషికి ఎట్లా తెలుస్తుంది? కలెక్టరాఫీసుకు పోయి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

*

కువైట్ మాట ఎత్తకుండా రాయలసీమలో ఇంటిపని గురించి రాయలేం. రాయచోటి, రాజంపేట, పీలేరు, మదనపల్లె పక్కల ఏ పల్లెకు పోయినా అక్కడ ఖాదిమ్ వీసా మీద పోయిన ఆడవాళ్ళ ఇళ్ళు కనపడతాయి. వాళ్ళ దుడ్లతో మిద్దెలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగు చదివారు. పాస్‌పోర్టు గుంజుకున్న కథలు, అన్నం పెట్టని కథలు, పెట్టెలో తిరిగొచ్చిన కథలు కూడా ఆ పల్లెల్లోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఆ దేశాలకు ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నియమం. కాపాడటానికి పెట్టిన నియమమే. ఊళ్ళో బతకలేని ఇరవై ఐదేళ్ళ ఆడమనిషి ఆ నియమం వల్ల ఇంట్లో ఆగిపోదు. విజిట్ వీసా చేతిలో పెట్టే ఏజెంటు దగ్గరికి పోతుంది. అప్పుడు ఆమె పేరు ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఉండదు.

అయితే ఒక సంగతి ఆలోచించండి. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. ఇంటిపనివాళ్ళకు వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని గుంజుకుని పెట్టుకోవడం మీద నిషేధం. మర్నాటి ఏడు కనీస జీతం 60 దినార్లని తేల్చింది. 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ళ విషయంలో మన దేశం కువైట్‌తో ఒప్పందం కూడా రాసుకుంది. ఆ చట్టం అక్కడ సరిగ్గా అమలవుతుందని నేను చెప్పడం లేదు. కఫాలా పద్ధతిలో యజమాని గుప్పిట్లో ఎంత నలుగుతారో తిరిగొచ్చినవాళ్ళను అడగండి. నేను చెప్పేది వేరు. ఒక రాజరికం కాగితం మీదైనా రాసిన వారపు సెలవును ప్రపంచంలోనే పెద్ద ప్రజాస్వామ్యం కాగితం మీద కూడా రాయలేదు. రాయచోటి నుంచి పోయిన మనిషి కువైట్‌లో చట్టం చూపించి ఆదివారమో శుక్రవారమో అడగొచ్చు. తిరుపతి భవానీనగర్‌లో ఏ చట్టం చూపించి అడగాలి?

సముద్రం దాటినా కులం వెంటే పోతుందనడానికి మన తెలుగువాళ్ళే రుజువు ఇచ్చారు. కృష్ణా జిల్లా వెల్వడం నుంచి అమెరికా పోయి బర్క్‌లీలో పెద్ద ఇళ్ళ యజమాని అయిన లకిరెడ్డి బాలిరెడ్డి, ఊరి నుంచి పేద దళిత ఆడపిల్లల్ని తప్పుడు వీసాల మీద తెచ్చి, పని చేయించుకుని, లైంగికంగా వాడుకున్నాడు. 1999 నవంబరులో అతని అపార్ట్‌మెంటులో విషవాయువుకు ఒక పిల్ల చనిపోయింది. 2001లో అతనికి ఎనిమిదేళ్ళకు పైగా జైలు పడింది. విద్యార్థి మిత్రులకు దీంట్లో ఒక సంగతి చెప్పాలి. చదువుకునే వయసు పిల్లలు ఇక్కడే ఉండి బడికి ఎందుకు రావడంలేదని మొదట్లోనే ఆరా తీసి రాసింది అక్కడి హైస్కూలు పత్రిక నడిపే విద్యార్థులు. మన ఊళ్ళో ఫ్లాట్లలో పనికి పెట్టుకున్న పిల్లల్ని చూసి ఆ ప్రశ్న అడిగే విద్యార్థులు కావాలి.

*

"మా పనమ్మాయిని మేం ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం." ఈ మాట స్టాఫ్ రూముల్లో, పెళ్ళిళ్ళలో రోజూ వింటుంటా. చెప్పేవాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు. పాత చీర ఇస్తారు, పండక్కి వంద చేతిలో పెడతారు, జ్వరమొస్తే మాత్ర ఇస్తారు. నేనడిగేది ఒకటే. ఇంట్లో మనిషైతే ఎక్కడ కూర్చుంటుంది? మూడు రోజుల కూర ఇంట్లో ఎవరెవరు తింటారు? ఇంట్లో మనిషి రెండు రోజులు రాకపోతే జీతం కోస్తారా? ఇంట్లో మనిషి అనే మాట ప్రేమ కంటే ఎక్కువగా ఒక పని చేస్తుంది. జీతం పెంచమని, సెలవు కావాలని అడగడాన్ని నమ్మకద్రోహంగా మారుస్తుంది. "ఇంత చేస్తే ఇట్లా అడుగుతావా" అనే మాట దాని వెనకే ఉంటుంది. దయ ఇవాళ ఉంటుంది, కోపమొస్తే రేపు ఉండదు. హక్కు కోపమొచ్చినా ఉంటుంది. మనం అడిగేది హక్కు.

మనలో మనకు తేలాల్సిన రెండు సంగతులు కూడా ఉన్నాయి.

మొదటిది. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మనవాళ్ళకు నీచంగా చూసే కులపనులు వదిలెయ్యమని చెప్పారు. మరి ఈ పనికి గౌరవం కావాలని అడగడం ఆ మాటకు ఎదురు పోవడం కాదా అని కొందరు మిత్రులు అంటారు. శ్రమను పూజించమని నేనూ చెప్పను. చీపురుకు దండం పెట్టించి మనిషిని అక్కడే నిలబెట్టే నాటకాలు మనం చాలా చూశాం. మా అమ్మ ఆ పని చేసింది నేను చేయకూడదనే. కానీ వదిలెయ్యమని చెప్పినంత మాత్రాన ఇవాళ పొద్దున షేర్ ఆటో ఎక్కి పనికి పోయిన మనిషికి రేపటి బియ్యం దొరకదు. వదిలిపోయే శక్తి కూడా జీతం నుంచి, సెలవు నుంచి, పిల్లల చదువు నుంచే వస్తుంది. ఇవాళ ఆ పనిలో ఉన్న మనిషికి హక్కులు కావాలి, రేపు ఆమె బిడ్డకు ఆ పని కులం రాసిపెట్టిన రాత కాకూడదు. ఈ రెండూ ఒకే కొట్లాట.

రెండోది చేదుగా ఉంటుంది. మనలో ఉద్యోగాలొచ్చినవాళ్ళం కూడా ఇళ్ళల్లో మనుషుల్ని పెట్టుకుంటున్నాం. నేనూ పెట్టుకున్నా. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో భారత దౌత్యాధికారి దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. పనిమనిషి వీసా కాగితాల్లో చూపిన జీతం ఒకటి, ఇస్తున్నది ఇంకొకటి అన్నది ఆరోపణ. బట్టలిప్పించి సోదా చేయడం మీద దేశానికి కోపం వచ్చింది, రావాల్సిందే. ఆమె దళిత మహిళ కాబట్టి మనకింకా ఎక్కువ వచ్చింది. ఆ గోలలో ఫిర్యాదు చేసిన ఇంటిపని కార్మికురాలు సంగీతా రిచర్డ్ పేరు ఎంతమందికి గుర్తుంది? కోర్టులో ఏది నిజమని తేలిందన్నది వేరే సంగతి. ఇద్దరు ఆడవాళ్ళున్న కథలో అధికారి అవమానం ఒక్కటే మనకు దేశ అవమానంగా ఎందుకు కనపడిందో మాట్లాడుకోవాలి. కులం కింద నలిగిన మనం ఇంకొకరి శ్రమ దగ్గర యజమానులం అయినప్పుడు, జై భీమ్ అన్న నోటితోనే "రేపు సెలవెందుకు" అని అడుగుతామా?

*

గెలుపు లేదని అనుకోకండి. 1980లో పుణెలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు పని ఆపేసి వీధిలోకి వచ్చారు, అక్కడి నుంచి సంఘం పుట్టింది. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలను చూడండి. వాళ్ళు చేసేదీ సంరక్షణే, పిల్లల్ని, బాలింతల్ని చూసుకునే పని. జీతం అంటే హక్కులివ్వాలి కాబట్టి దానికి "గౌరవ వేతనం" అని పేరు పెట్టారు. గౌరవం పేరులోనే ఉంది. 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశారు. ఎస్మా పెట్టినా కదల్లేదు. అంతకుముందు 2022లో వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళకు మండలాఫీసు ముందు కలుసుకునే చోటుంది. ఇంటిపని చేసేవాళ్ళకు ఆ చోటు లేదు, ఒక్కొక్కరు ఒక్కో గోడ వెనక ఉన్నారు. కలుసుకునేది పొద్దున షేర్ ఆటోలో, అపార్ట్‌మెంటు గేటు దగ్గర, నీళ్ళ ట్యాంకరు దగ్గర. సంఘం అక్కడే మొదలవ్వాలి. మనం పోవాల్సిందీ అక్కడికే.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి: ఇంటిపని, ఇంట్లో సంరక్షణ పని చేసేవాళ్ళకు ప్రత్యేక చట్టం. రాష్ట్రంలో సంక్షేమ బోర్డు. లేబర్ కోడ్‌లు వచ్చాక మన కనీస వేతనాల జాబితాలో ఇంటిపని ఉందో లేదో, గంటకు ఎంతో తెలుగులో ప్రకటించడం. ఏజెన్సీలకు తప్పనిసరి రిజిస్ట్రేషన్, వాళ్ళు కోసుకునే కమిషన్‌కు హద్దు. అట్రాసిటీ చట్టంలో ఇల్లు పని ప్రదేశమైనప్పుడు "పదిమంది చూసే చోట" షరతు తీసేయడం. 189వ ఒడంబడిక మీద సంతకం.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేనివి, మన ఇళ్ళల్లోనే చేయగలిగేవి: జీతం, పని, గంటలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ చెరొకటి పెట్టుకోవడం. వారానికి ఒకరోజు జీతంతో సెలవు, ఏడాదికి పదిహేను రోజులు. పండక్కి ఒక నెల జీతం. చుట్టాలొస్తే రోజు లెక్కన అదనపు డబ్బు. కూర్చోవడానికి కుర్చీ, మనం తాగే గ్లాసు, మనం వాడే బాత్రూము. పేరు పెట్టి, వయసుకు తగ్గట్టు అక్కా, అమ్మా అని పిలవడం, మన పిల్లలు కూడా "ఏయ్" అనకుండా చూడటం. ఇవన్నీ చేస్తే మనం గొప్పవాళ్ళం అయిపోము, యజమానులుగా మన బాధ్యత కొంత చేసినట్టు అంతే.

విద్యార్థులకు ఒక పని చెప్తా. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ చుట్టుపక్కల ఉండే మిత్రులు ఐదుగురు చొప్పున జట్టు కట్టండి. ఒక్కో జట్టు ఒక్కో కాలనీ తీసుకోండి. ఎన్ని ఇళ్ళల్లో పనిచేస్తున్నారు, గంటకు ఎంత పడుతోంది, సెలవుందా, బాత్రూము వాడనిస్తారా, ఈ-శ్రమ్ కార్డుందా అని పేర్లు రాయకుండా అడిగి రాసుకోండి. ఇంటి ముందు, యజమాని వినేటట్టు అడగొద్దు. ఆటో స్టాండు దగ్గర అడగండి. మీరు ప్రశ్న అడిగినందువల్ల ఎవరి పనీ పోకూడదు. లోకల్ కమిటీ వివరాలు, అట్రాసిటీ సెక్షన్లు పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చేసి వాళ్ళ చేతికివ్వండి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి. ఆ లెక్కలు పట్టుకుని కలెక్టరాఫీసుకు అందరం కలిసి పోదాం.

ప్రశ్న పంపిన తమ్ముడికి: జీతం పెంచాలి, తప్పకుండా పెంచాలి. పెంచిన జీతం తీసుకుని ఆ మనిషి మళ్ళీ కిటికీ గట్టు మీది గ్లాసులోనే నీళ్ళు తాగాల్సి వస్తే మన పని సగమే అయినట్టు. మొదటి జట్టులో నీ పేరు రాసుకున్నా. కాలనీ ఏదో నువ్వే ఎంచుకో.

మీ అనుభవాలు రాయండి, ముఖ్యంగా అమ్మలు, అక్కలు ఈ పని చేసినవాళ్ళు. దాచుకోవాల్సిన సిగ్గు మనది కాదు. వచ్చే భాగంలో కువైట్ నుంచి తిరిగొచ్చిన అక్కలు చెప్పిన సంగతులు రాస్తాను.

జై భీమ్.